కడుపు మాడ్చుకోకుండా బరువు తగ్గేదెలా?

* కీటో నుంచి చిరుధాన్యాల దాకా.. ఏ పద్ధతిలో ఆకలి అదుపులో ఉంటుంది?
* అన్నం మానడం కన్నా కంచం సర్దుకోవడమే మేలు
* మందులు వాడేవారు సొంత నిర్ణయాలు తీసుకుంటే ముప్పు

భీమవరం: ఉండి మండలంలోని ఒక గ్రామానికి చెందిన నలభై రెండేళ్ల గృహిణి వేసవిలో బరువు తగ్గాలని నిశ్చయించుకున్నారు. ఉదయం టిఫిన్ మానేశారు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టుకున్నారు. నెల తిరిగేసరికి అయిదు కిలోలు తగ్గారు. ఇరుగుపొరుగు వారు మెచ్చుకున్నారు. రెండో నెలలో తల తిరగడం, చీటికీమాటికీ కోపం, రాత్రివేళ నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. అర్ధరాత్రి లేచి వంటింట్లో డబ్బాలు వెతుక్కునే పరిస్థితి వచ్చింది. సంక్రాంతి నాటికి తగ్గిన అయిదు కిలోలతో పాటు మరో రెండు కిలోలు అదనంగా పెరిగారు. నోరు కట్టుకునే శక్తి తనకు లేదని ఆమె ఇప్పుడు తనను తానే నిందించుకుంటున్నారు.

ఇటువంటి కథ ఊరికి పది వినిపిస్తుంది. ఎవరిని కదిపినా ఏదో ఒక డైట్ చేసి మానేసినవారే. నిజానికి లోపం ఆ గృహిణి మనోబలంలో లేదు. ఆమె ఎంచుకున్న పద్ధతిలో ఉంది. ఆకలిని లెక్కలోకి తీసుకోని ఏ ఆహార నియమమూ ఎక్కువ కాలం నిలవదు. జిల్లాలో ప్రచారంలో ఉన్న ప్రధాన పద్ధతులు ఏమిటి, వాటిలో ఆకలిని అదుపు చేసే అంశం ఏది, ఎవరికి ఏది తగదు అన్న వివరాలతో ఈ కథనం.

ఆకలి మన మాట వినదు

ఆకలి కేవలం మనసుకు సంబంధించినది కాదు. జీర్ణాశయం ఖాళీ అయినప్పుడు గ్రెలిన్ అనే హార్మోన్ రక్తంలోకి విడుదలవుతుంది. మెదడుకు 'తిను' అని సంకేతం పంపేది ఇదే. దీనిని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అంతకు అయిదేళ్ల ముందు, 1994లో, లెప్టిన్ అనే మరో హార్మోన్ సంగతి వెలుగులోకి వచ్చింది. శరీరంలో కొవ్వు నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు తెలియజేయడం దీని పని. భోజనం చేసినప్పుడు పేగుల నుంచి వెలువడే మరికొన్ని హార్మోన్లు 'ఇక చాలు' అనిపిస్తాయి.

బరువు వేగంగా తగ్గితే శరీరం దానిని కరవుగా భావిస్తుంది. లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కీలక విషయం తేలింది. పది వారాలపాటు అతి తక్కువ కెలోరీలతో బరువు తగ్గినవారిలో ఏడాది గడిచిన తరువాత కూడా ఆకలి హార్మోన్లు పూర్వస్థితికి రాలేదు. అంటే పస్తులుండి బరువు తగ్గిన వ్యక్తి నెలల తరబడి తన శరీరంతోనే పోరాడవలసి వస్తుంది. ఆ పోరాటంలో చివరకు గెలిచేది చాలాసార్లు ఆకలే.

కనుక అడగవలసిన ప్రశ్న 'ఎంత తక్కువ తినాలి' అన్నది కాదు. తక్కువ కెలోరీలతోనే కడుపు నిండాలంటే ఏం తినాలి అన్నదే అసలు ప్రశ్న.

తాత కంచం.. మనవడి కొలువు

డెల్టా పల్లెల్లో రెండు తరాల క్రితం వరకు దుక్కి, ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్లు అన్నీ మనుషుల రెక్కల మీదే సాగేవి. గంపెడు అన్నం తిన్నా సాయంత్రానికి ఖర్చయిపోయేది. ఇప్పుడు దుక్కికి ట్రాక్టర్లు, కోతకు యంత్రాలు వచ్చాయి. చెరువు గట్టు దాకా మోటారు సైకిల్ వెళుతోంది. పని మారింది కానీ కంచంలో అన్నం రాశి మారలేదు. పైగా నాలుగు గంటలకు పునుగులు, బజ్జీలు, రోజుకు నాలుగైదు టీలు కొత్తగా చేరాయి.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో పెద్దవారిలో 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుపోయినట్లు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు అందులో తేలింది. మన శరీరాలలో తక్కువ బరువు దగ్గరే మధుమేహం ముప్పు మొదలవుతుంది. అందుకే ఎత్తు, బరువుల నిష్పత్తి అయిన బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా భారతీయులకు లెక్కిస్తున్నారు. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి 59 కిలోలు దాటితే అప్రమత్తం కావాలి. 64 కిలోలు దాటితే తగ్గించుకోవాలి. నడుము చుట్టుకొలత పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఇంట్లో దర్జీ టేపుతో ఎవరైనా కొలుచుకోవచ్చు.

ఏ పద్ధతిలో ఏముంది?

పస్తులు, ఏడు రోజుల డైట్లు: ఒక రోజు పండ్లు, ఒక రోజు కూరగాయలు, ఒక రోజు అరటిపండ్లు, పాలు అంటూ సాగే జీఎం డైట్ చాలాకాలంగా చేతులు మారుతోంది. జనరల్ మోటార్స్ కంపెనీ పేరుతో ఇది ప్రచారంలో ఉన్నా, ఆ కంపెనీయే దీనిని రూపొందించిందనడానికి ఆధారాలు లేవు. వారంలో నాలుగైదు కిలోలు తగ్గారంటే అందులో ఎక్కువ భాగం నీరే. శరీరంలో నిల్వ ఉండే గ్లైకోజన్ ప్రతి గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ ఖర్చవగానే ఆ నీరూ పోతుంది. మళ్లీ అన్నం తినగానే తిరిగి వస్తుంది. ఈ పద్ధతిలో మాంసకృత్తులు తగినన్ని అందవు. ఆకలి అదుపు కాదు, వాయిదా పడుతుంది.

కీటో పద్ధతి: విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ప్రసంగాలతో 2017-18 ప్రాంతంలో ఇది కోస్తా జిల్లాల్లో ఇంటింటి చర్చగా మారింది. అన్నం, గోధుమ, పంచదార, పండ్లు పూర్తిగా మానడం, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు మల్టీ విటమిన్ బిళ్లలు తీసుకోవడం ఆయన చెప్పిన ముఖ్య నియమాలు. పిండి పదార్థాలు అందనప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారు చేసుకుంటుంది. ఈ స్థితిలో ఆకలి పెద్దగా పెరగదన్న మాట నిజమే. దీనికి పరిశోధనల మద్దతు ఉంది. రక్తంలో చక్కెర కూడా తగ్గుతుంది. కానీ అన్నం చుట్టూ తిరిగే మన సమాజంలో పెళ్లి, పేరంటం, పండుగ ఏది వచ్చినా నియమం తప్పక తప్పదు. నెలల తరబడి కొనసాగించలేక మానేసినవారే ఎక్కువగా కనిపిస్తున్నారు. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. మలబద్ధకం, నీరసం వంటి ఇబ్బందులూ తలెత్తుతాయి.

ప్రకృతి ఆహారం: డాక్టర్ మంతెన సత్యనారాయణ రాజు ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఉప్పు, నూనె, పంచదార లేని వంటలు, కూరగాయల రసాలు, మొలకెత్తిన గింజలు, పండ్లు, పెందలాడే రాత్రి భోజనం ఇందులో ప్రధానం. కీటోకు ఇది పూర్తిగా వ్యతిరేక దిశ. అక్కడ కొవ్వే ఆధారం, ఇక్కడ కొవ్వే ఉండదు. అయినా దీనిలోనూ చాలామంది బరువు తగ్గారు. కారణం స్పష్టమే. కూరగాయలు, పండ్లలో నీరు, పీచు అధికం. కడుపు నిండుతుంది, కెలోరీలు పెరగవు. ఉప్పు, నూనె లేని రుచికి అలవాటు పడటం అందరికీ సాధ్యం కాదు. పాలు, గుడ్లు, పప్పులు కూడా తగ్గించేస్తే మాంసకృత్తులు, బి12 విటమిన్ కొరవడే ప్రమాదం ఉంది.

చిరుధాన్యాలు: కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టి, మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ ప్రచారంతో కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు మళ్లీ వంటింటికి చేరాయి. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. అయితే ఒక అపోహ తొలగించుకోవాలి. చిరుధాన్యాల్లో కెలోరీలు బియ్యం కన్నా మరీ తక్కువేమీ కావు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 356 కెలోరీలు ఉంటే, సామల్లో 346, అరికెల్లో 331 ఉన్నాయి. తేడా పీచులో ఉంది. బియ్యంలో అది 3 గ్రాముల లోపే. అరికెల్లో 6 గ్రాములకు పైగా, సామల్లో 7 గ్రాములకు పైగా ఉంది. పీచు వల్ల నెమ్మదిగా నమలవలసి వస్తుంది, జీర్ణం ఆలస్యమవుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. కానీ బియ్యం తిన్నంత రాశిగా కొర్రన్నం తింటే బరువు తగ్గరు. బాగా పాలిష్ పట్టినవి, చిరుధాన్యాల పేరుతో అమ్మే బిస్కట్లు, మురుకులు కొంటే ఆ కాస్త లాభమూ దక్కదు.

సమయ నియమం: రోజులో ఎనిమిది గంటల వ్యవధిలోనే తిని, మిగిలిన పదహారు గంటలు ఉపవాసం ఉండటం ఈ పద్ధతి. కార్తీక మాసంలో నక్తాలు, ఏకాదశి ఉపవాసాలు ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందిపై ఏడాదిపాటు జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. అందరికీ కెలోరీలు ఒకే మేరకు తగ్గించి, సగం మందికి మాత్రం సమయ నియమం కూడా పెట్టారు. ఆ నియమం పాటించినవారు సగటున 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా గణాంకపరంగా లెక్కకు వచ్చేంతది కాదని పరిశోధకులు తేల్చారు. రాత్రి పొద్దుపోయాక చిరుతిళ్లు తినే అలవాటున్నవారికి సమయ నియమం బాగా ఉపకరిస్తుంది. కానీ మన ఇళ్లలో శనివారం రాత్రి అన్నం మాని పూరీలు, నేతి దోసెలు తిన్నట్లు చేస్తే ఫలితం తలకిందులవుతుంది.

మాంసకృత్తులు పెంచడం: ఆకలిని చల్లార్చడంలో వీటిదే పైచేయి. అమెరికాలోని సియాటెల్‌లో 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 19 మందికి పిండి పదార్థాల వాటా మార్చకుండా, మాంసకృత్తుల వాటాను 15 నుంచి 30 శాతానికి పెంచి, ఆ మేరకు కొవ్వును తగ్గించారు. కావలసినంత తినవచ్చన్నారు. ఎవరూ బలవంతం చేయకుండానే వారు రోజుకు సగటున 441 కెలోరీలు తక్కువ తిన్నారు. పన్నెండు వారాల్లో సుమారు 5 కిలోలు తగ్గారు. మన అన్నం కంచంలో అతి తక్కువగా ఉండేది ఇదే. పలుచని పప్పుచారు, అందులో నాలుగు పప్పు బద్దలు మాంసకృత్తుల లెక్కలోకి రావు.

గెలిచింది ఎవరు?

కొవ్వు తగ్గించడం మేలా, పిండి పదార్థాలు తగ్గించడం మేలా అన్న వివాదంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిపై ఏడాదిపాటు పరిశోధన చేసింది. ఫలితాలు 2018లో వచ్చాయి. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఈ రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. రెండు బృందాలకూ కామన్‌గా ఇచ్చిన సలహా ఒక్కటే. పంచదార, మైదా, ప్యాకెట్ తిండి తగ్గించి, కూరగాయలు బాగా తినండి అన్నారు. కెలోరీలు లెక్కపెట్టమని ఎవరికీ చెప్పలేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో 2021లో ప్రచురించిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. 20 మందికి రెండు వారాలు కొవ్వు తక్కువగా ఉన్న శాకాహారం, రెండు వారాలు కీటో తరహా ఆహారం ఇచ్చి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. శాకాహారం తిన్నప్పుడు రోజుకు దాదాపు 690 కెలోరీలు తక్కువ తిన్నారు. అయినా ఆకలి విషయంలో రెంటి మధ్య తేడా కనిపించలేదు. అయితే రక్తంలో చక్కెర మాత్రం కీటో ఆహారంతోనే తక్కువగా ఉంది. ఒకదానిలో ఉన్న మేలు మరొకదానిలో లేదన్నమాట.

వీటన్నిటి సారం ఒక్కటే. విజయవంతమైన పద్ధతులన్నింటిలోనూ పంచదార, వేపుళ్లు, చిరుతిళ్లు వైదొలగుతాయి. కూరగాయలో, పీచో, మాంసకృత్తులో పెరుగుతాయి. పేరు ఏదైనా పని చేసేది ఇదే.

అన్నం అంత దోషి కాదు

ఏ ఆహారం ఎంతసేపు కడుపు నిండుగా ఉంచుతుందో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం 1995లో 38 రకాల పదార్థాలను పరీక్షించింది. అన్నింటినీ 240 కెలోరీల చొప్పున ఇచ్చి, రెండు గంటలపాటు ఆకలి స్థాయిని నమోదు చేశారు. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులు అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకు 323, చేపకు 225, కోడిగుడ్డుకు 150, తెల్ల అన్నానికి 138, కేకుకు 65 వచ్చాయి.

దీనిని బట్టి అన్నం బ్రెడ్డు కన్నా నయమే. సమస్య అన్నంలో లేదు, దాని రాశిలో ఉంది. బంగాళాదుంప సంగతీ అంతే. ఉడికిస్తే కడుపు నింపుతుంది. నూనెలో వేయిస్తే చిప్స్ అవుతుంది. గ్రాము పిండి పదార్థంలో, గ్రాము మాంసకృత్తులో 4 కెలోరీలు ఉంటే గ్రాము నూనెలో 9 ఉంటాయి. వంద గ్రాముల సొరకాయ, బీరకాయ లేదా దోసకాయలో 20 కెలోరీలకు మించి ఉండవు. అదే బరువున్న మిక్చర్ పొట్లంలో 500 కెలోరీలకు పైగా ఉంటాయి. కడుపుకు బరువు తెలుస్తుంది కానీ కెలోరీలు వెంటనే తెలియవు. ఈ చిన్న కిటుకే బరువు తగ్గడానికి ఆధారం.

రెండు కంచాల లెక్క

మధ్యాహ్న భోజనాన్నే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలన్నీ ఉజ్జాయింపుగా ఇచ్చినవి.

మొదటి కంచం: అన్నం 450 గ్రాములు (585 కెలోరీలు), రెండు చెంచాల నెయ్యి (90), ఆవకాయ, కాస్త వేపుడు (125). మొత్తం 800 కెలోరీలు. కంచంలో ఉన్న తిండి బరువు అర కిలోకు కాస్త పైన. మాంసకృత్తులు 14 గ్రాములకు అటూ ఇటూ. మూడు గంటలు తిరగకుండానే మళ్లీ ఆకలి.

రెండో కంచం: ముందుగా దోసకాయ ముక్కలు 100 గ్రాములు (15), అన్నం 200 గ్రాములు (260), గట్టిగా వండిన ఆకుకూర పప్పు ఒక కప్పు (130), చెంచా నూనెతో చేసిన సొరకాయ కూర 200 గ్రాములు (80), రెండు చేప ముక్కలు లేదా రెండు గుడ్లు (145), గ్లాసుడు మజ్జిగ (40). మొత్తం 670 కెలోరీలు. తిండి బరువు దాదాపు 950 గ్రాములు. మాంసకృత్తులు 28 నుంచి 33 గ్రాములు. శాకాహారులు చేప బదులు శనగలు, పెసలు, ఉలవలు, సోయా లేదా పనీరు తీసుకోవచ్చు. మాంసకృత్తులు కాస్త తగ్గినా మొదటి కంచం కన్నా మెరుగే.

రెండో కంచంలో తిండి దాదాపు రెట్టింపు. కెలోరీలు మాత్రం 130 తక్కువ. సాయంత్రం బజ్జీల బండి వైపు కాలు లాగదు. అసలు లాభం అక్కడే ఉంది.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఈ దిశలోనే ఉన్నాయి. రోజుకు 2 వేల కెలోరీలు అవసరమైన వ్యక్తికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు సరిపోతాయని సంస్థ సూచించింది. ఇవన్నీ వండక ముందు కొలతలు. మన ఇళ్లలో కూరగాయల వాటా ఇందులో సగం కూడా ఉండటం లేదు. కూర అన్నంలోకి నంజుడుగా మారింది. బరువు తగ్గదలచినవారు అన్నాన్నే కూరలోకి నంజుడుగా మార్చుకోవాలి.

ఆకలిని రెచ్చగొట్టేవి ఇవే..

* ప్యాకెట్ తిండి: అమెరికాలో 2019లో 20 మందిపై జరిగిన ప్రయోగంలో పరిశ్రమల్లో తయారైన ప్యాకెట్ ఆహారం ఇచ్చినప్పుడు రోజుకు దాదాపు 500 కెలోరీలు అదనంగా తిన్నారు. రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. పోషకాల లెక్క సమానంగా ఉన్నా ఇలా జరిగింది. మెత్తగా ఉండి త్వరగా గొంతు దిగే తిండి మెదడుకు తెలిసేలోపే పరిమితి దాటుతుంది.

* టీలు, శీతల పానీయాలు: చెంచా పంచదారలో 20 కెలోరీలు ఉంటాయి. రెండేసి చెంచాలతో నాలుగు టీలు తాగితే 160 కెలోరీలు. ద్రవరూపంలో వెళ్లిన కెలోరీలు ఆకలిని తగ్గించవు. పండ్ల రసం కన్నా పండు తినడమే మేలు.

* నిద్రలేమి: నిద్ర తగ్గితే గ్రెలిన్ పెరుగుతుంది, లెప్టిన్ తగ్గుతుంది. అమెరికాలో 2022లో వెలువడిన అధ్యయనంలో తక్కువ నిద్రపోయేవారు గంటకు పైగా అదనంగా నిద్రించినప్పుడు రోజుకు 270 కెలోరీలు తక్కువ తిన్నట్లు తేలింది. రొయ్యల చెరువుల వద్ద రాత్రి కాపలా ఉండేవారు, రెండో షిఫ్టు ఉద్యోగులు పగటి నిద్రను నిర్లక్ష్యం చేయరాదు.

* వేగంగా తినడం: కడుపు నిండిన సంకేతం మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. భోజనానికి ముందు అర లీటరు నీరు తాగిన పెద్ద వయసు వారు, తాగనివారి కన్నా పన్నెండు వారాల్లో సుమారు రెండు కిలోలు అదనంగా తగ్గినట్లు 2010 నాటి అధ్యయనం పేర్కొంది. ముందుగా కూర, పప్పు తిని, తరువాత అన్నం కలుపుకొంటే చక్కెర ఒక్కసారిగా పెరగదు.

వీరు జాగ్రత్త

ఈ వ్యవహారంలో అసలు ప్రమాదం బరువు తగ్గకపోవడం కాదు. ప్రసంగాలు విని మందులు మానేయడం. మధుమేహానికి గ్లిమిపిరైడ్ తరహా బిళ్లలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవారు మందు తగ్గించకుండా అన్నం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, స్పృహ కోల్పోవడం దీని లక్షణాలు. అటువంటప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తరలించాలి. డపాగ్లిఫ్లోజిన్ తరహా మందులు వాడేవారు కీటో చేస్తే రక్తం ఆమ్లభరితమయ్యే ముప్పు పెరుగుతుంది. రక్తపోటు మందులు వాడేవారికి బరువు తగ్గేకొద్దీ మోతాదు మార్చవలసి రావచ్చు. అలాగని మందులు పూర్తిగా మానేస్తే పరిస్థితి ఎదురు తిరుగుతుంది. ఏ మార్పు అయినా వైద్యుని సలహాతోనే జరగాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు సొంతంగా పెంచుకోరాదు. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు, క్షయకు మందులు వాడుతున్నవారు బరువు తగ్గే డైట్ల జోలికి వెళ్లరాదు. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. ఇక 2025లో మన దేశంలో అందుబాటులోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు పేగు హార్మోన్లను అనుకరించి ఆకలిని తగ్గిస్తాయి. వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాటిని వాడటం క్షేమం కాదు. మానేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది.

మొదలు పెట్టేదెలా?

వారానికి అర కిలో తగ్గితే చాలునని, రోజుకు వెయ్యి కెలోరీల లోపు ఆహారం తగదని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర స్థాయిలు మెరుగుపడతాయి. 80 కిలోల వ్యక్తికి అది 4 కిలోలే.

అన్నీ ఒకేరోజు మార్చనక్కరలేదు. మొదటి వారం టీలో పంచదార సగానికి తగ్గించవచ్చు. రెండో వారం అన్నం గరిటె తగ్గించి కూర రెండు గరిటెలు పెంచవచ్చు. మూడో వారం ప్రతి పూటా గుడ్డో, చేపో, గట్టి పప్పో, శనగలో ఉండేలా చూసుకోవచ్చు. నాలుగో వారం సాయంత్రం బజ్జీల స్థానంలో ఉడికించిన పల్లీలో, మొలకలో, జామకాయో చేర్చవచ్చు. రోజూ అరగంట చురుకైన నడక తోడైతే కండ నిలబడుతుంది. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ఒక కొలమానం ఉంది. వచ్చే సంక్రాంతికి కూడా ఇలాగే తినగలనా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. తినగలనని అనిపిస్తే అదే సరైన పద్ధతి.

ఉండి మండలానికి చెందిన ఆ గృహిణి ఇప్పుడు మళ్లీ ఉదయం టిఫిన్ తింటున్నారు. రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు, గిన్నెడు సాంబారు. మధ్యాహ్నం కంచంలో సగం కూరే. రెండున్నర నెలల్లో మూడు కిలోలు తగ్గారు. ఈసారి ఇరుగుపొరుగు వారు ఇంకా గమనించలేదు. అర్ధరాత్రి వంటింట్లో దీపం మాత్రం వెలగడం లేదు.